మిట్టమధ్యాహ్నపు దయ్యం

251 ప్రాంతంలో రోమ్ బిషప్ కొర్నేలియస్ అంతియొకయ బిషప్‌కు ఒక ఉత్తరం రాస్తూ, తన సంఘంలో ఎంతమంది పనిచేస్తున్నారో లెక్క చెప్పాడు. గురువులు 46 మంది, డీకన్లు ఏడుగురు, ఉపడీకన్లు ఏడుగురు, వాళ్ల సహాయకులు 42 మంది. దయ్యాలను వెళ్లగొట్టేవాళ్లు, లేఖనాలు చదివేవాళ్లు, తలుపుల దగ్గర కాపలా ఉండేవాళ్లు అందరూ కలిపి 52 మంది. చరిత్రకారుడు యూసేబియస్ పుణ్యమా అని మిగిలిన ఈ పట్టీని చూస్తే ఒక సంగతి తేలిపోతుంది. దయ్యాన్ని వెళ్లగొట్టడం ఆనాటి సంఘంలో ఒక కొలువు, తలుపు కాపలాలాగే. శత్రువు బయటివాడు. మనిషి ఒంట్లో దూరతాడు. అధికారం ఉన్నవాడు వచ్చి యేసు పేరున ఆజ్ఞాపిస్తే పోతాడు. బాప్తిస్మానికి ముందు ప్రతి ఒక్కరికీ ఈ తంతు జరిగేది. ఇది సువార్తల్లో ఉన్నదే, మన పల్లెల్లో స్వస్థత కూటాలకు వెళ్లేవాళ్లకు నేటికీ తెలిసిందే. అయితే అవే సువార్తల్లో ఇంకో దృశ్యం ఉంది. నలభై రోజులు ఉపవాసమున్న యేసు దగ్గరికి శోధకుడు వస్తాడు. అక్కడ పూనకం లేదు, కేక లేదు. ఒకడు మాట విసురుతాడు, ఇంకొకడు లేఖనంతో జవాబు చెబుతాడు. క్రైస్తవుడికి సైతానుతో పోరాటమంటే ప్రధానంగా ఈ రెండో రకమేనన్న అవగాహన నాలుగో శతాబ్దపు ఈజిప్టు ఎడారిలో గట్టిపడింది. దయ్యాల మీద నమ్మకం మనిషిని బాధ్యత నుంచి తప్పిస్తుందని, తప్పంతా వాటి మీదికి నెట్టేయడానికి పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ ఎడారిలో మాత్రం ఆ నమ్మకమే మనిషి తన మనసును తాను తరచి చూసుకోవడానికి సాధనమైంది.

మొదటి పేరు అంతోనీది. ఆయన పుట్టిందీ దాదాపు ఆ ఉత్తరం నాటికే. దాదాపు 200 ఎకరాల సారవంతమైన మాగాణి ఉన్న ఇంటి బిడ్డ. ఉన్నదంతా అమ్మి పేదలకిమ్మన్న సువార్త వాక్యం గుడిలో విని భూమిని ఊరివాళ్లకు వదిలేశాడు, చెల్లెల్ని కన్యకల సమాజానికి అప్పగించాడు. మొదట ఊరి చివర, తర్వాత సమాధుల్లో, ఆపైన ఒక పాడుబడ్డ కోటలో ఇరవై ఏళ్లపాటు ఉన్నాడు. 356లో ఆయన చనిపోయిన కొద్దికాలానికే అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ ఆయన చరిత్ర రాశాడు. సింహాలు, పాములు, తేళ్ల రూపాల్లో దయ్యాలు మీదపడే ఆ ఘట్టాలు తర్వాతి చిత్రకారులకు పండగే అయ్యాయి. వాళ్లు గీయనిది అదే పుస్తకంలో అంతోనీ శిష్యులకు చేసిన సుదీర్ఘ బోధ. అందులో ఆయన దయ్యాలను గొప్ప చేయడు, తేలిక చేస్తాడు. నైలుకు వరద వస్తుందని అవి ముందే చెబుతాయి గదా అంటే, అందులో మహిమేమీ లేదు పొమ్మంటాడు. పైన ఇథియోపియాలో వాన పడటం చూసి, నీళ్లకన్నా ముందు పరిగెత్తుకొచ్చి చెబుతాయి, అంతే. ఫలానావాడు వస్తున్నాడని చెప్పడమూ అలాంటిదే. వాడు బయల్దేరక ముందు వాటికి తెలియదు, దారిలో నడుస్తుండగా చూస్తాయి. సోది చెప్పించుకునే అలవాటున్న ఏ జనానికైనా ఈ తర్కం చురుక్కుమంటుంది. ఇంతకన్నా పెద్ద మాట ఇంకొకటుంది. దయ్యం వచ్చినప్పుడు మనం ఏ స్థితిలో ఉంటే దానికి తగ్గట్టు వేషం మారుస్తుందని, పిరికితనం కనిపిస్తే దాన్ని పెంచి మనకే చూపిస్తుందని అంటాడు. అంటే దయ్యం బయటిదే అయినా, దాని ఆకారానికి సరుకు లోపలిది. శిష్యులకు ఆయనిచ్చిన ఉపాయమూ ఈ దారిలోనిదే. ఎవరి తలపులను వాళ్లు ఇంకొకరికి చెప్పబోతున్నట్టుగా రాసిపెట్టుకోండి, ఆ రాత తోటివాళ్ల కళ్లలాగా పనిచేస్తుంది అన్నాడు.

అంతోనీ అనుభవంతో చెప్పినదాన్ని శాస్త్రంగా కూర్చినవాడు ఈజిప్టువాడు కాదు, ఎడారివాడసలే కాదు. పొంతుకు చెందిన ఎవాగ్రియస్ పెద్ద చదువులు చదివిన పట్టణవాసి. బాసిల్ చేతుల మీదుగా పాఠకుడు, నజియాన్జస్ గ్రెగరీ చేతుల మీదుగా డీకన్ అయ్యాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ జరిగిన రోజుల్లో ఆ రాజధానిలో పేరున్న వాది. అక్కడ ఒక పెద్ద అధికారి భార్యతో ప్రేమలో చిక్కుకున్నాడని, కలలో ఒట్టు వేసి యెరూషలేముకు పారిపోయాడని ఆయన శిష్యుడు పల్లాదియస్ రాశాడు. మెలానియా అనే రోమన్ కులీన స్త్రీ ఆయన సన్యాసం పుచ్చుకునేలా చేసింది. 383 ప్రాంతంలో ఈజిప్టు చేరి రెండేళ్లు నిట్రియాలో, ఆ తర్వాత 399లో చనిపోయేదాకా కెల్లియాలో ఉన్నాడు. నిట్రియా అంటే నిర్మానుష్యమైన చోటేమీ కాదు. పల్లాదియస్ లెక్కలో అక్కడ 5000 మంది సన్యాసులు, ఏడు రొట్టెల బట్టీలు, వైద్యులు, మిఠాయిలు చేసేవాళ్లు కూడా ఉండేవారు. గుడి దగ్గర మూడు ఖర్జూర చెట్లు, ఒక్కోదానికి ఒక్కో కొరడా. ఒకటి తప్పుచేసిన సన్యాసికి, ఒకటి దొంగకు, ఒకటి దారినపోయేవాడికి. దానికి లోపలగా ఉన్న కెల్లియాలో 600 మంది, మాట వినపడనంత ఎడంగా కట్టుకున్న గదుల్లో. ఎవాగ్రియస్ పుస్తకాలకు నకళ్లు రాసి పొట్ట పోసుకునేవాడు.

ఆయన సిద్ధాంతానికి కీలకం ఒక చిన్న పరిశీలన. లోకంలో ఉన్నవాళ్లతో దయ్యాలు వస్తువుల ద్వారా పోరాడతాయి, సన్యాసి దగ్గర వస్తువులు లేవు గనక తలపుల ద్వారా పోరాడతాయి. రెండోదే కష్టమైన యుద్ధం. ఈ తలపులను ఆయన ఎనిమిది జాతులుగా విడదీశాడు: తిండి, కామం, డబ్బు మీద ఆశ, దిగులు, కోపం, విసుగు, కీర్తికాంక్ష, గర్వం. ఇవి మనసులోకి రావడం, రాకపోవడం మన చేతిలో లేదన్నాడు. వచ్చినవాటిని కూర్చోబెట్టుకోవడం, ఉద్రేకం రేగనివ్వడం మన చేతిలో ఉంది. మొదటిది దయ్యం పని, రెండోది మనిషి పని. బాధ్యతను ఇంత కచ్చితంగా గీత గీసి చూపడానికి ఆయనకు దయ్యం కావలసివచ్చింది. దయ్యమే లేకుంటే వచ్చిన ప్రతి తలపూ నాదే, నేనింతటి నీచుణ్ణి అన్న నిరాశే మిగిలేది, లేదా ఏదీ నా తప్పు కాదన్న ధీమా. ఆయన వర్ణనలు చదివితే ఈ తలపులు ఎంత మామూలు మాటల్లో వస్తాయో తెలుస్తుంది. తిండి తలపు విందుభోజనాన్ని చూపించదు. ఉపవాసాలతో కడుపు, కాలేయం, ప్లీహం పాడవుతాయి, ఇక్కడ వైద్యుడు కూడా దొరకడు అంటుంది. డబ్బాశ బంగారాన్ని చూపదు. ముసలితనం వస్తుంది, చేతులు పనిచేయవు, కరువొస్తుంది, ఇంకొకరి ముందు చెయ్యి చాపాలి అంటుంది. కీర్తి తలపు ఇంకా తమాషా. రోగులు స్వస్థత పొందుతున్నట్టు, జనం అంగీ అంచు తాకుతున్నట్టు, వద్దంటున్నా కట్టి తీసుకెళ్లి గురుపట్టం ఇస్తున్నట్టు చూపిస్తుంది. అంతలోనే వదిలేసి పోతే, క్షణం క్రితం పూజ్యుడైన గురువు కాస్తా కామం చేతికో దిగులు చేతికో చిక్కుతాడు.

అన్నింటికన్నా బరువైనది ఆరోది, ఆయన మధ్యాహ్న దయ్యమని పిలిచింది. ఆ పేరు కీర్తనల గ్రంథం గ్రీకు పాఠంలోనిది. పొద్దున పదింటి నుంచి రెండింటి దాకా దాని కాలం. సూర్యుడు కదలడు, రోజుకు యాభై గంటలున్నట్టుంటుంది. భోజనవేళ మధ్యాహ్నం మూడింటికి. అది ఇంకెంతసేపో చూడటానికి సన్యాసి కిటికీలోంచి మాటిమాటికీ తొంగి చూస్తాడు, తోటివాడెవడైనా వస్తున్నాడేమోనని అటూ ఇటూ చూస్తాడు. ఈ చోటంటే, ఈ బతుకంటే, చేతిలో ఉన్న పనంటే రోత పుడుతుంది. ఇక్కడ ప్రేమనేదే చచ్చిపోయింది, ఓదార్చేవాడొక్కడూ లేడనిపిస్తుంది. ఈమధ్య ఎవరైనా నొప్పించి ఉంటే అదీ సరిగ్గా అప్పుడే గుర్తొస్తుంది. ఇక తర్వాతి మెట్టు మరింత తెలివైనది. ఇంకోచోట అవసరాలు తేలిగ్గా దొరుకుతాయి, పనిలో కష్టం తక్కువ, అయినా దేవుణ్ణి సేవించడానికి ఫలానా చోటే ఉండాలా, ఆయన అంతటా ఉన్నాడు గదా! దయ్యం చెప్పే మాటల్లో ఈ చివరిదానికి వంకపెట్టే వేదాంతి లేడు. అందుకే అది ప్రమాదం. ఎవాగ్రియస్ మందు కూడా విచిత్రమైనది కాదు: ఆ గంటల్లో గది వదలొద్దు, మనసును రెండుగా చేసి ఒక సగం రెండో సగాన్ని కన్నీళ్లతో ఓదార్చాలి. ఈ దయ్యం ఓడాక వెంటనే మరొకటి రాదని, ఆపైన చెప్పలేని శాంతి కలుగుతుందని కూడా గమనించాడు. గమనించాడు అన్నమాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఏ తలపు ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, దేని వెనక ఏది వస్తుంది, ఏది రాదు, ఇవన్నీ చూసి గుర్తుపెట్టుకొమ్మని శిష్యులకు చెప్పాడు. కామాన్ని కీర్తికాంక్షతో ఎదుర్కోవడం వంటి చిట్కాలూ ఇచ్చాడు. ముల్లును ముల్లుతోనే తీయాలన్నదే ఆయన అన్నదీ, ఆయన మాటల్లో అది మేకు.

శోధకుడికి యేసు ద్వితీయోపదేశకాండంతో బదులిచ్చిన తీరును ఆయన ఒక పూర్తి పుస్తకంగా విస్తరించాడు. 'అంతిర్రేతికోస్' అనే ఆ గ్రంథం ఎనిమిది భాగాలు, తలపుకో భాగం. వచ్చే తలపు ఏమిటో ముందు, దానికి ఎదురు చెప్పాల్సిన లేఖనం తర్వాత. అలా దాదాపు 500 జతలు. చెడు తలపు వస్తే తగిన మాటను వెతుక్కునే తీరిక అప్పుడు ఉండదు గనక ముందే సిద్ధం చేశాడు. పుస్తకంగా చదివితే విసుగొస్తుంది, నిజమే, ఇది చదివి పక్కన పెట్టడానికి రాసింది కాదు. నోటితో పలకడానికి రాసింది. దయ్యాలకు మనసు లోపలిది తెలియదని, మన మాటల్ని, ఒంటి కదలికల్ని చూసి ఊహిస్తాయని ఆయన నమ్మకం. అంతరంగం దేవుడికి మాత్రమే తెలుసు. శత్రువు అన్నీ తెలిసినవాడు కాదు, వాడూ చూసి నేర్చుకోవలసినవాడే అన్న ఈ మాట సన్యాసికి ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇదంతా ఒంటరి మనిషి తనలో తాను ఆడుకున్న చదరంగం అనుకుంటే పొరపాటు. తలపును పెద్దకు, అంటే అబ్బాకో అమ్మాకో, విప్పి చెప్పాలి. దాచిన తలపు పెరుగుతుంది, చెప్పినది చస్తుంది అన్నది ఎడారి పెద్దల సూక్తుల్లో మళ్లీ మళ్లీ వినిపించే మాట. ఆ పెద్ద ఎలాంటివాడై ఉండాలో చెప్పే కథ ఒకటి, ఆ ఎడారిలో గడిపిన సన్యాసి జాన్ కాసియన్ రాసిన సంభాషణల్లో ఉంది. కామంతో వేగుతున్న ఒక యువకుడు వెళ్లి ఒక ముసలి సన్యాసికి మొరపెట్టుకుంటాడు. ఆయన ఛీకొట్టి, నువ్వు సన్యాసి పేరుకే తగవంటాడు. కుర్రాడు నిరాశతో ఊరికి తిరిగిపోతుంటే అపొల్లో అనే పెద్ద ఎదురై, ఈ వయసులో నన్నూ ఈ బాధ వదల్లేదని చెప్పి ఒక్కరోజు ఆగమంటాడు. తర్వాత ఆ ముసలాయన గది ముందు నిలబడి, ఆ శోధన ఈయన మీదికి మళ్లాలని ప్రార్థిస్తాడు. కాసేపటికి ఆ వృద్ధుడు పిచ్చివాడిలా గదిలోంచి బయటికి పరిగెత్తి, కుర్రాడు పోయిన దారే పట్టాడట. నవ్వొచ్చే కథే, కానీ తీర్పు కఠినం: ఇంతకాలం దయ్యం నీ జోలికి రాలేదంటే నువ్వు గొప్పవాడివని కాదు, దానికి నువ్వు ఆనలేదని. అమ్మా సారా పదమూడేళ్లు కామంతో పోరాడింది, పోరాటం ఆగాలని ఒక్కనాడూ ప్రార్థించలేదు, బలం మాత్రం అడిగింది. శోధన వచ్చినవాణ్ణి చూసి అసహ్యించుకోవడం కాదు, యుద్ధంలో ఉన్నవాడిగా చూడటం ఈ కథల్లోని నీతి. దయ్యాన్ని నమ్మడం వల్ల వీళ్లు పాపికి దగ్గరయ్యారు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ అరిషడ్వర్గాలు గుర్తురాక మానవు. కామక్రోధాదులు ఆరు, ఇవి ఎనిమిది, తేడా ఏముంది? తేడా పేర్లలోనే కొంత ఉంది. మాత్సర్యం ఎవాగ్రియస్ పట్టీలో లేదు, దిగులు, విసుగు మన ఆరింటిలో లేవు. ఆయన పట్టీ మన ఆరింటి నుంచి వచ్చిందనడానికి ఆధారమూ లేదు. కానీ అసలు సంగతి పట్టీ కాదు, వాడకం. కాస్త బరువైన అభ్యంతరం మరొకటుంది. ఇది స్టోయిక్కుల మనస్తత్వ శాస్త్రమే, దయ్యం వేషం తొడిగారు, అంతే అని. ఇందులో నిజం పాలు పెద్దదే. కోపం మీద రాసిన గ్రంథంలో రోమన్ స్టోయిక్కు సెనెకా, మనసులో అసంకల్పితంగా పుట్టే తొలి కదలిక వేరు, దానికి మనం ఒప్పుకోవడం వేరు అని విడమరిచాడు. ఆ భావాన్ని క్రైస్తవ వేదాంతి ఒరిజెన్ చెడు తలపులకు ముడిపెట్టాడు, ఎవాగ్రియస్ ఒరిజెన్ నుంచి అందుకున్నాడు. అయినా వేషం అనడంతో సరిపోదు. సెనెకా రాత్రి దీపం ఆర్పాక, భార్య మౌనంగా ఉండగా, తన రోజుకు తానే న్యాయాధిపతిగా కూర్చుంటాడు. సన్యాసి తన కేసు తాను విచారించుకోడు, ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్తాడు. స్టోయిక్కుకు కోపం పనికిరాని రోగం. ఎవాగ్రియస్‌కు కోపానికి ఒక పని ఉంది, అది దయ్యాలతో పోరాడటం. దాన్ని మనుషుల మీదికి తిప్పడమే దయ్యాలు చేసే మోసం. శత్రువుకు ఒక ముఖం ఉండటం వల్ల పక్కవాడు శత్రువు కాకుండా పోయాడు. ఈ లాభం ఒట్టి మనస్తత్వ శాస్త్రం ఇవ్వలేదు.

పక్కవాడు శత్రువు కాకుండా పోయాడా? ఇక్కడే గట్టి దెబ్బ తగులుతుంది. అంతోనీ చరిత్రలోనే కామదయ్యం నల్లని పిల్లవాడి రూపంలో కనిపిస్తుంది. ఒకప్పుడు దొంగ అయి తర్వాత పెద్దల్లో ఒకడైన ఇథియోపియన్ మోషేను అతని రంగు చెప్పి అవమానించి పరీక్షించిన కథ సూక్తుల్లో ఉంది. దానికి అతను మాట్లాడలేదు గానీ మనసు కలత పడిందని తర్వాత ఒప్పుకున్నాడు. 391 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో సెరాపిస్ మహాలయం కూలింది. ఎగువ ఈజిప్టులో తెల్ల మఠం అధిపతి షెనూతే పాత దేవతల విగ్రహాల కోసం గెసియస్ అనే ధనికుడి ఇంట్లోకి చొరబడ్డాడు, అందులో తప్పేముందని వాదించాడు కూడా. పాత దేవతలంటే దయ్యాలే అన్న నమ్మకం లేకుండా ఇవి జరిగేవి కావు, ఆ నమ్మకం అంతోనీదీ ఎవాగ్రియస్‌దీ కూడా. కాబట్టి ఎడారి బోధ వేరు, ఆ హింస వేరు అని చేతులు దులుపుకోవడం చరిత్ర కాదు. అనగలిగింది ఇంతే: పోరాటం వస్తువుల్లోంచి తలపుల్లోకి మళ్లాలన్న సూత్రాన్ని గాలికొదిలి, దాన్ని తిరిగి వస్తువుల మీదికి, మనుషుల మీదికి మళ్లించిన చోటే ఆ దౌర్జన్యాలు జరిగాయి. అదే నమ్మకానికి రెండు దారులున్నాయి, రెండూ తొక్కారు.

ఈ కథలన్నీ భక్తులు రాసిన సాహిత్యం, నిజంగా జరిగిందెంత అని కూడా అడగవచ్చు. అథనాసియస్‌కు తన రాజకీయాలున్నాయి, సూక్తులు గ్రంథరూపం దాల్చింది తరువాతి కాలంలో. ఒక్కొక్క సంఘటనకు సాక్ష్యం అడిగితే నిలబడేవి కొన్నే. కానీ నా వాదనకు సంఘటనలు కాదు, అలవాటు కావాలి, ఆ అలవాటుకు మట్టిలో సాక్ష్యముంది. నైలు డెల్టా పడమటి అంచున కెల్లియా శిథిలాలను ఫ్రెంచ్ పండితుడు అంతోయిన్ గుయోమోం 1964లో గుర్తించాడు, ఎవాగ్రియస్ గ్రంథాలను పరిష్కరించినవాడూ ఆయనే. ఆ తర్వాత ఫ్రెంచ్, స్విస్ బృందాల తవ్వకాల్లో వందలకొద్దీ ఆశ్రమాలు బయటపడ్డాయి. ఎక్కువభాగం ఎవాగ్రియస్ తర్వాతి కాలానివి. గోడ, బావి, వంటగది, తూర్పు గోడకు ప్రార్థన గూడు. వీటిలో ఎన్నో ఒక్కరికి సరిపోయే గుహలు కావు, గురువుకూ శిష్యుడికీ వేరువేరు గదులున్న ఇళ్లు. తలపు విప్పి చెప్పడమనేది పుస్తకంలోని ఆదర్శం మాత్రమే అయితే ఇళ్లు ఇలా కట్టుకోరు.

తర్వాత ఏమైంది? ఎవాగ్రియస్ చనిపోయిన మరుసటి ఏడే అలెగ్జాండ్రియా బిషప్ థెయొఫిలస్ ఒరిజెన్ అనుయాయులైన సన్యాసులను నిట్రియా నుంచి తరిమేశాడు. 553 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడిన ఖండనల్లో ఎవాగ్రియస్ పేరూ చేరింది. అప్పటికే కాసియన్ ఎనిమిది తలపులను మార్సెయ్‌కు మోసుకుపోయాడు, ఎక్కడా ఎవాగ్రియస్ పేరెత్తకుండా. 590లో పోపు అయిన గ్రెగరీ గర్వాన్ని అన్నింటికీ వేరుగా పక్కకు తీసి, విసుగును దిగులులో కలిపి, అసూయను కొత్తగా చేర్చి ఏడు చేశాడు. మన కేథలిక్ జ్ఞానోపదేశంలోని ఏడు మూలపాపాలకు ఇదే మూలం. సంఖ్య మారడం చిన్న సంగతి. పెద్ద మార్పు అవి తలపులు కాకుండా పాపాలు కావడం. 1215లో నాలుగో లాటరన్ సభ ప్రతి విశ్వాసీ ఏడాదికొకసారైనా పాపసంకీర్తనం చేయాలని శాసించాక, గురువుల కోసం ఏడింటి వరసలో ప్రశ్నలు పేర్చిన కరదీపికలు పుట్టుకొచ్చాయి. ఎడారిలో అడిగే ప్రశ్న ఇప్పుడు నీలో ఏం జరుగుతోంది అని. కరదీపిక అడిగేది ఏం చేశావు, ఎన్నిసార్లు అని. లక్షలమంది విశ్వాసులున్న సంఘానికి ఎడారి పద్ధతి సాధ్యపడేది కాదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. కెల్లియాలో గురువుకు కొద్దిమంది శిష్యులు, పారిష్ గురువుకు ఊరు ఊరంతా. అయినా నష్టం నష్టమే, తప్పు జరగకముందు మాట్లాడుకునే చోటు పోయి తప్పు జరిగాక లెక్క చెప్పే చోటు మిగిలింది. తూర్పు సంఘాల్లో మాత్రం శిష్యుడు తలపులను పెద్దకు విప్పి చెప్పే ఆచారం మఠాల్లో ఆగలేదు. 'అంతిర్రేతికోస్' గ్రీకు మూలం పోయినా సిరియాక్, అర్మేనియన్ అనువాదాల్లో బతికింది. ప్రార్థన మీద ఎవాగ్రియస్ రాసిన చిన్న పుస్తకాన్ని ఖండితుడి పేరుతో ఎవరూ చదవరు గనక నీలస్ అనే మరో సన్యాసి పేరు మీద చదివారు. 1782లో వెనిస్‌లో అచ్చయిన 'ఫిలొకాలియా' అనే తూర్పు సంఘపు ప్రార్థనా రచనల సంకలనంలోనూ అది ఆ పేరుతోనే ఉంది. 1934లో జెసూట్ పండితుడు ఇరెనే హౌషెర్ ఆ పుస్తకం ఎవాగ్రియస్‌దేనని నిరూపించేదాకా అలాగే సాగింది.